నమిలే డాక్టరూ, రెండు కొత్తపల్లులూ

ఆ రోజుల్లో మా ఉరవకొండలో ఉద్యోగమంటే నాలుగే రకాలు: టీచరు, పోలీసు, బ్యాంకు, బెంగళూరు. (చివరిది ఊరి పేరు కదా అని మీరు అనవచ్చు. మావాళ్లకు అది ఉద్యోగం పేరే. "మీవాడు ఏం చేస్తాండాడు?" అంటే "బెంగళూరు" అని చెప్పేవాళ్లు, అడిగినవాళ్లు కూడా అంతటితో తృప్తిపడేవాళ్లు.) ఈ నాలుగింటిలో దేనికీ చెందని ఉద్యోగం ఒకటి నేర్చుకోబోతున్నానని చెప్పడానికి ఇరవై రెండేళ్ల వయసులో నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు. "అమెరికాలో డాక్టర్లు పేషెంటును చూసినాక ఆ సంగతంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ ఆడియో ఫైలు కంప్యూటర్‌లో మనకొస్తాది. మనం విని టైపు చేసి పంపిస్తాం" అని పాఠంలా అప్పజెప్పేదాన్ని. వీధిలో వాళ్లు శ్రద్ధగా విని, కాసేపు ఆలోచించి, "పాపం, ఆ డాక్టర్లకు చేతులు లేవా?" అని అడిగేవాళ్లు.

ఆ మాట అడగని మనిషి మా నాయన ఒక్కడే. ఆయన బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు పనిచేసి ఆ ఏడాదే రిటైరయ్యాడు. నేను చెప్పిందంతా విని, "చెవుల్తో చేసే పని, అంతే గదా పాపా. నేను చేసిందీ అదే. పో, నేర్చుకో" అన్నాడు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, వేరుశనగ పైరు మోకాలెత్తు కూడా లేవలేదు. డిగ్రీలో జువాలజీ చదివి ఇంట్లో కూర్చున్న నాకు, అనంతపురంలో మూడు నెలలు ఉచితంగా నేర్పి, పరీక్షలో నెగ్గినవాళ్లను అక్కడే ఉద్యోగంలో పెట్టుకుంటారన్న కబురు నిజంగా చినుకులాగే వినిపించింది. రోజూ పొద్దున్నే బస్సెక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేదాన్ని.

సైకిళ్ల దుకాణం మీద మేడలో ఇరవై కంప్యూటర్లు, ఇరవై మంది పిల్లలం. మాకు నేర్పే ఆయనది ధర్మవరం. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు కాబట్టి ఒక్క పోగు తప్పినా ఆయన కంటికి ఆనేది. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు సరిగ్గా ఉంటే తప్ప రిపోర్టు రిపోర్టే కాదని రోజుకు పదిసార్లు చెప్పేవాడు గనుక మేము ఆయనకు 'తొంభై ఎనిమిది సార్' అని పేరు పెట్టాం. నా పక్క కుర్చీలో రాయదుర్గం నుంచి వచ్చిన అమ్మాయి కూర్చునేది. అంతకుముందు జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో రెండేళ్లు పనిచేసింది. ఆమెను అందరం 'రాయదుర్గం' అనే పిలిచేవాళ్లం.

మొదటిరోజే నా పరువు కాలికింద పోయింది. అక్షరాలా కాలికిందే. ఈ పనిలో బల్ల కింద ఒక పెడల్ ఉంటుంది. కాలితో నొక్కితే మాట వినిపిస్తుంది, వదిలితే ఆగుతుంది, ఇంకో పక్క నొక్కితే వెనక్కి పోతుంది. చేతులు టైపు చేస్తూనే ఉండాలి. రాయదుర్గం కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు కూర్చుని ఐదు నిమిషాల్లో దాన్ని లొంగదీసుకుంది. నేను నొక్కిన నొక్కుడుకు పెడల్ జారి ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి చెప్పుల దగ్గరకు పోయింది. బల్ల కిందకు దూరి దాన్ని వెతుక్కుంటుంటే చెవిలో హెడ్‌ఫోను, తలకు వైరు, పైనుంచి తొంభై ఎనిమిది సార్ గొంతు: "ఏమ్మా, డాక్టరు ఆడ దాంకున్నాడా?"

'వినిపించినదే రాయండి, సొంత కవిత్వం వద్దు' అని మొదటి పాఠం. నేను ఆజ్ఞను శిరసావహించాను. డాక్టరు 'కామా' అంటే కామా గుర్తు పెట్టకుండా ఆ మాటనే అక్షరాలతో రాశాను. 'కొత్త పేరా' అంటే అదీ రాశాను. మధ్యలో ఆ డాక్టరు గొంతు పెంచి ఎవరినో "దిగు, సోఫా దిగు, మంచిదానివి కదూ" అని ఇంగ్లీషులో బతిమాలాడు. పేషెంటుకు చెప్పిన సలహా కాబోలని అదీ రిపోర్టులో చేర్చాను. సార్ దాన్ని అందరి ముందూ నిదానంగా చదివి, "ఈ పేషెంటుకు కాళ్లు ఎన్నిమ్మా?" అని అడిగాడు. నేను లేచి నిలబడి, "రెండు సార్" అన్నాను. "ఇంకోసారి విను" అన్నాడు. విన్నాను. వెనక సన్నగా కుక్క గొంతు వినిపించింది.

ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే తప్పులే. నా అసలు జబ్బు వేరే ఉంది. వినపడని చోట ఊహించి రాయకూడదు, ఖాళీ వదిలి, ఫైలులో ఎన్నో నిమిషం దగ్గర వదిలామో గుర్తు పెట్టాలి. అది రెండో పాఠం. ఈ పాఠం మాత్రం నాకు మింగుడు పడలేదు. చిన్నప్పటి నుంచీ ఏ పరీక్షలోనూ ఒక్క ప్రశ్న వదిలి ఎరగను. తెలియని ప్రశ్నకు తెలిసినదానికంటే పొడుగ్గా జవాబు రాసేదాన్ని, అదనపు కాగితాలు అడిగి మరీ. అలాంటిదాన్ని ఖాళీ వదలడమా? నలుగురిలో చిరిగిన బట్టతో నిలబడినట్టు ఉండేది. అందుకని ఎక్కడ వినపడకపోతే అక్కడ ఆ వాక్యానికి నప్పే మాటొకటి తగిలించేదాన్ని. 'ఇలియం' అనే మాట ఉంది. ఆ శబ్దానికి రెండు అర్థాలు: ఒకటి చిన్న పేగు చివరి భాగం, రెండోది తుంటి ఎముక. పలికితే రెండూ ఒకటే, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. నా చేతికి ఏది వస్తే అది రాసేదాన్ని. "నిచ్చెన మీద నుంచి పడి పేగు విరగ్గొట్టుకున్నాడమ్మా ఈయప్ప, నీ పుణ్యాన" అని సార్ ఒకరోజు తల పట్టుకున్నాడు.

ఇలా ఉండగా పరీక్షకు వారం ఉందనగా 'నమిలే డాక్టరు' ఫైళ్లు మొదలయ్యాయి. ఆయన పేరేమిటో మాకు తెలియదు. ఎప్పుడూ ఏదో తింటూ మాట్లాడేవాడు. ఒక్కో వాక్యం మొదట్లో కొరికిన చప్పుడు, చివర్లో మింగిన చప్పుడు, మధ్యలో ఎక్కడో వైద్యం. ఆయన ఫైలులో ఒకచోట, ఒక ముసలామెకు పెన్సిలిన్ పడుతుందో పడదో చెప్పే మాట దగ్గర సరిగ్గా కరకరమని ఏదో కొరికాడు. నాలుగుసార్లు విన్నాను. ఏమీ తెలియలేదు. 'పెన్సిలిన్ పడకపోవడం లేదు' అని రాసేసి ముందుకు పోయాను.

సాయంత్రం సార్ నన్ను ఒక్కదాన్నే పిలిచాడు. ఈసారి ఎగతాళి లేదు. హెడ్‌ఫోను నా చేతికిచ్చి ఆ ముక్క మళ్లీ వినిపించాడు.

"వినపడిందా?"

"లేదు సార్."

"మరి ఈ 'లేదు' అనేది యాడ నుంచి వచ్చింది?"

"మామూలుగా అట్లే ఉంటాది గదా సార్, శానామందికి..."

ఆయన హెడ్‌ఫోను తీసుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, "ఇది పాత ఫైలు కాబట్టి సరిపాయ. నిజంగా పొయ్యే ఫైలే అయ్యుంటే, రేప్పొద్దున ఆయమ్మకు నీ 'మామూలు' నమ్మి సూది ఏస్తాండ్రి. నీకు ఇంగ్లీషు బాగుండాది, టైపింగు బాగుండాది. ఈ ఒక్క గుణం మారకపోతే నేను నిన్ను పరీక్షకు కూచోబెట్టలేనుమ్మా" అన్నాడు.

ఆరోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఊరొచ్చేదాకా ఏడ్చాను. ఇంటికి రాగానే సంచి మూలకు విసిరి, "రేపటి నుంచి నేను పోను" అని ప్రకటించాను. నాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాడు. ఏమైందని అడిగాడు. (పేషెంటు సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని మొదటిరోజే కాగితం మీద సంతకం పెట్టాం. డాక్టరు నమలడం గురించి మాత్రం ఆ కాగితంలో ఏమీ లేదు.) అందుకని జబ్బూ మందూ పేర్లు లేకుండా, గుప్పెడు కాయలు నోట్లో వేసుకుని ఆ డాక్టరు ఎలా మాట్లాడతాడో చేసి చూపించాను. నాయన పడిపడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"నవ్వొద్దు నాయనా. వాళ్లేమో వినపడకపోతే ఖాళీ వదులు అంటారు. ఖాళీ వదిలితే నాకు రాదనే గదా అర్థం?"

నాయన నవ్వు ఆపాడు. "వక్కాకు నోట్లో కుక్కుకోని ఊరి పేరు చెప్పేటోళ్లకు ముప్పై ఏండ్లు టికెట్టు కొట్టినా పాపా" అంటూ మొదలుపెట్టాడు. "మా లైన్లో రెండు కొత్తపల్లులు ఉండె. ఒగటి రాయదుర్గం పక్క, ఒగటి ఈ పక్క. ఆ పక్కోళ్లు గుడ్డ మూటల్తో ఎక్కుతాండ్రి, ఈ పక్కోళ్లు ఇత్తనాల మూటల్తో ఎక్కుతాండ్రి. మూట చూస్తే సాలు, ఏ కొత్తపల్లో తెలిసిపోతాండె. పేరొక్కటే వింటే తెలీదు, యాడ ఎక్కినాడు, ఏం మోసుకొచ్చినాడు, అంతా సూడాల."

నాకు చప్పున ఆ రెండు ఇలియంలూ గుర్తొచ్చాయి. పేగు గురించి మాట్లాడుతున్న డాక్టరు సంచిలో తుంటి ఎముక ఎందుకుంటుంది? ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదని నోరు తెరిచేలోగా నాయన గొంతు తగ్గింది.

"డ్యూటీలో చేరిన కొత్తలో ఒగ తాత ఎక్కినాడు. నోటినిండా వక్కాకు, చేతిలో మూటా లేదు, ముల్లే లేదు. కొత్తపల్లి అన్నాడు. ఏ కొత్తపల్లని అడిగినా. ఏమో అన్నాడు, వినపల్లేదు. ఇంగోసారి అడిగితే బస్సులో అందరూ నవ్వుతారేమో, కొత్త కండక్టరుకు ఊర్లు తెలీవంటారేమో అని సిగ్గు. ఈ పక్కదే అయ్యుంటాదిలే అని టికెట్టు కొట్టి దింపేసినా. మూడు గంటలయినాక అదే బస్సులో తిరిగొస్తే, ఆయప్ప దింపినచోటే ఒగ రాయి మీద, ఆ మండే ఎండలో కూచోనుండాడు. ఆయప్ప కూతురికి బిడ్డ పుడితే సూడనీకి పోతాండె, ఆ పక్క కొత్తపల్లికి. ఒక్క మాట తిట్టలేదు పాపా. 'నాదే తప్పు నాయనా, నోట్లో ఆకు ఉండె' అన్నాడు." నాయన చేతిలోని కాయను ఒలవకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు. "ఆపొద్దు నుంచి వినపడకపోతే మూడుసార్లు గాదు, ముప్పైసార్లు అడిగినా. నీ డాక్టరును నువ్వు అడగలేవు. ఖాళీ వదిల్తే అదే అడిగినట్ల గదా?"

మూలకు విసిరిన సంచి తెచ్చి గూట్లో పెట్టుకున్నాను.

ఆ వారమంతా మా ఇంట్లో చిత్రమైన బడి నడిచింది. నాయన నోటినిండా వేరుశనగకాయలు కుక్కుకుని మా జిల్లాలోని ఊళ్ల పేర్లు చెప్పాలి, నేను రాయాలి. తెలియకపోతే గీత గీసి వదిలేయాలి. మొదట్లో గీత గీయబోయి నా చెయ్యి దానంతట అదే 'తాడిపత్రి' అని రాసేది. "నేను అన్నది తాడిపత్రి కాదు. ఏమన్నానో నాకే తెలీదు. ఊరికే నమిలినా!" అని నాయన పట్టేసేవాడు. "తండ్రీకూతుళ్లకు పిచ్చి పట్టింది. ఉన్న కాయలన్నీ పాఠాలకే అయిపాయ" అని అమ్మ చేట లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాత జొన్నరొట్టెతో బడి సాగించాం. నా అనుభవంలో జొన్నరొట్టె నోట్లో ఉన్న మనిషిని అర్థం చేసుకోగలిగితే ప్రపంచంలో ఏ డాక్టరునైనా అర్థం చేసుకోవచ్చు.

సార్ చివరికి నన్ను పరీక్షకు కూర్చోనిచ్చాడు, కానీ మొహంలో నమ్మకం లేదు. అందరికీ ఒకే ఫైలు. హెడ్‌ఫోను పెట్టుకోగానే కరకరమంది. ఆయనే! కొరకనీ అనుకుని పెడల్ మీద కాలు మెల్లగా ఆనించాను. ఇలియం వచ్చింది. ఈ మనిషి ఎక్కడ ఎక్కాడు? కడుపునొప్పి దగ్గర. చేతిలో ఏముంది? పేగుల స్కానింగు. పేగు ఇలియమే రాసి ముందుకు పోయాను. సగం దాటాక ఒక మాట దగ్గర ఆగిపోయాను. మందు మోతాదు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్ అన్నాడో, ఫిఫ్టీ అన్నాడో; పదిహేనో, యాభయ్యో. వెనక్కి పోయి విన్నాను, మళ్లీ విన్నాను, కళ్లు మూసుకుని విన్నాను. యాభై అని రాస్తే వాక్యం చాలా అందంగా కుదురుతోంది. వేళ్లు అప్పుడే ఆ మీటల మీదికి పోయాయి. తల తిప్పితే రాయదుర్గం కూడా పెడల్ తొక్కి తొక్కి అదే చోట ఆగిపోయినట్టు కనిపించింది. వేళ్లు వెనక్కి తీసుకుని ఖాళీ వదిలాను. పక్కన నిమిషం, సెకండు రాశాను. నా జీవితంలో నేను చెమటోడ్చి రాసిన జవాబు అదొక్కటే. అందులో ఒక్క అక్షరం లేదు.

మర్నాడు సార్ అందరినీ కూర్చోబెట్టి, ఆ మోతాదు ముక్క పెద్ద స్పీకరులో వినిపించాడు. "ఇది నాకు కూడా ఈపొద్దుకీ తెలీదు. రెండేండ్లుగా వింటాండా. ఇరవై మందిలో పదకొండుమంది యాభై అన్నారు, ఏడుమంది పదైదు అన్నారు. ఎవురి మీద ఒట్టేసి చెప్పగలరప్పా? ఖాళీ వదిలినోళ్లు ఇద్దురే" అని మా ఇద్దరి వైపూ చూశాడు. రాయదుర్గం బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. ఆ ఏడు ఉద్యోగంలో చేరినవాళ్లం ఆరుగురం, అందులో మేమిద్దరం.

ఆ సాయంత్రం నాయన బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. బస్సు ఆగకముందే కిటికీలోంచి "వచ్చింది నాయనా!" అని అరిచాను. ఆయన తన పాత అలవాటుకొద్దీ దిగేవాళ్లందరికీ దారి ఇప్పించి, చివర్లో దిగిన నన్ను, "ఏం రాస్తే ఇచ్చినారు పాపా?" అని అడిగాడు.

"ఏమీ రాయనందుకు ఇచ్చినారు" అన్నాను. బస్టాండంతా వినపడేలా నవ్వాడు ఆ మనిషి.

ఇప్పుడు పని మారిపోయింది. కంప్యూటరే విని దానంతటదే రాసేస్తుంది. మేము దాని తప్పులు దిద్దుతాం. వినపడని చోట అది ఏమాత్రం తడుముకోదు. నిబ్బరంగా, నున్నగా, ఎక్కడా లేని మాటొకటి పెట్టేసి ముందుకు పోతుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని తిట్టుకుంటారు కానీ నాకు మాత్రం దానిమీద కోపం రాదు. అదనపు కాగితాల కోసం చెయ్యెత్తి నిలబడిన అమ్మాయి ఒకతి గుర్తొస్తుంది. ఆ పిల్లలు నా వెనక నాకు 'ఖాళీ మేడం' అని పేరు పెట్టుకున్నారట, మొన్ననే తెలిసింది. ఇరవై రెండేళ్లప్పుడు ఎవరైనా నన్ను అలా పిలిచి ఉంటే అన్నం మానేసి ఏడ్చేదాన్ని. ఇప్పుడు, ఎవరూ చూడకుండా అటు తిరిగి, కాసేపు నవ్వుకున్నాను.