మా సారు నా చేత చదివించిన స్కాన్

మా సారు పోయారు. మొన్న తెల్లవారుతుండగా, పెనుకొండలో వాళ్ల ఇంట్లోనే. ఫోన్ చేసిన ఆయన భార్య "ఇంక ఆయప్పకు నొప్పి లేదులేమ్మా" అని మాత్రం అన్నారు.

మెదడు స్కాన్లు చదవడం హిందూపురం ఆసుపత్రిలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తెరమీద బొమ్మ పడగానే నా కళ్లు జబ్బు కోసం పరుగెత్తేవి. "తొందరేమమ్మా? ముందు కుడి పక్కా ఎడమ పక్కా పోల్చు. మెదడు నడిమి గీత పక్కకు జరిగిందేమో చూడు. జరిగిండాదంటే లోపల ఏదో నెడతాండాదని" అనేవారు. సీటీలో తెల్లగా ఏది కనపడినా నాకు రక్తమే. "ఎముకా తెలుపే, సున్నం పేరుకున్నా తెలుపే" అని నవ్వేవారు.

ఒకసారి ధర్మవరం నుంచి ఒక నేతగాడిని తెచ్చారు. మగ్గం మీదుండగానే కుడిచెయ్యి పడిపోయిందట. సీటీలో ఏమీ లేదు. ఆ మాటే చెప్పబోయాను.

"రెండు చేతులూ ఎత్తప్పా" అన్నారు సారు. కుడిది లేవలేదు.

"రక్తం కారలేదని మాత్రమే సీటీ చెప్తాండాది. రక్తం అందని చోటు మొదటి గంటల్లో దీంట్లో కనపడకపోవచ్చు. ఎమ్మారై తియ్యండి."

ఎమ్మారైలో మెదడు ఎడమవైపు, కుడిచేతిని నడిపే చోట, ఒక మచ్చ తెల్లగా వెలిగింది.

పోయిన ఏడాది సారుకు మాట తడబడటం మొదలైంది. పెన్ను అడగబోయి "అది... అదే" అనేవారు. ఎమ్మారై తీయించుకుని నన్ను పిలిచారు.

"చదువు."

"నావల్ల కాదు సార్."

"పేరు చూడొద్దు. ఏం కనపడతాండాదో చెప్పు."

ఎడమ కణత లోపల గడ్డ. స్కాన్ కోసం నరంలోకి మందు ఎక్కించి తీసిన బొమ్మలో దాని అంచు ఉంగరంలా వెలుగుతోంది. చుట్టూ వాపు. అంతవరకు చెప్పి ఆగిపోయాను. ఆయనే తెరమీద వేలు పెట్టి, "నడిమి గీత జరిగిండాది. అదీ చెప్పల్ల" అన్నారు. నేను ఏడుస్తుంటే, "బాగానే చదివినావులే" అని నా తల నిమిరారు.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు బాగున్నారు. ఆపైన మాటలు ఒక్కొక్కటే పోయాయి.

చివరిసారి పెనుకొండ వెళ్లినప్పుడు నన్ను చూసి పెదవులు కదిపారు.

"నీళ్లా? దిండు ఎత్తల్లా?" భార్య అడిగారు.

కాదని తల ఊపి, మంచం పక్కనున్న కుర్చీ వైపు చూపించారు. నేనింకా నిలబడే ఉన్నానని. కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"నిద్రపోయినాడమ్మా. బస్సు వస్తాది, పో" అన్నారు ఆమె మెల్లగా.

నేను చెయ్యి తీయలేదు. కిటికీ అవతల హిందూపురం బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది.