హన్మంతు దాచిన అక్టోబర్ కట్ట

మా మండల కేంద్రం గ్రంథాలయంలో అటెండర్ హన్మంతు అంటే ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు హడల్. ఎవరైనా బ్లేడుతో పేపర్లోని నోటిఫికేషన్ కోస్తూ దొరికితే చెయ్యి పట్టుకొని గేటు దాటించేదాకా వదలడు. "పదిమంది సదివే పేపరు నీ ఒక్కనిదా?" అని బజారంతా వినపడేలా అరుస్తాడు. గద్వాల ప్రాంతంలో ఇరవై ఏళ్లుగా చరిత్ర పాఠాలు చెబుతున్నాను. కాగితాన్ని ఇంత భద్రంగా చూసుకునే మనిషి నాకు మరొకడు తగల్లేదు. కొంచెం అతి చేస్తాడని కూడా అనుకునేవాణ్ణి.

అలాంటి పిచ్చి నాకూ ఉంది. ప్రాజెక్టు రాసే పిల్లలు ఏ సంగతి ఎక్కడ దొరికిందో రాయకపోతే మార్కులు వేయను. తొమ్మిదో తరగతి ప్రణీత తుంగభద్ర ఒడ్డున ఉన్న తన ఊరి గురించి రాసింది. 2009 వరదలో నేతగాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలు ఎలా మునిగాయో, నేతపని ఎన్ని నెలలు ఆగిందో పెద్దవాళ్లను అడిగి చక్కగా రాసింది. అట్ట మీద ఒక ఫొటో అతికించింది. ఒక ముసలమ్మ మోకాలి లోతు బురదలో, మగ్గం గుంతలో నిలబడి, తడిసిన నూలును రెండు చేతులా ఎత్తి చూపుతోంది.

"ఇది ఏడ దొరికింది?" అన్నాను.

"నెట్‌ల సార్. మా ఊరిదే. మా అవ్వ గూడ మనూరే అన్నది, ఆ ముసలామె ఎవరో మాత్రం గుర్తువట్టలే."

నెట్‌లో వెతికితే ఆ ఫొటో మూడు చోట్ల దొరికింది. ఒకరు కర్నూలు అన్నారు, ఇంకొకరు ఒడిశా అన్నారు, మూడో ఆయన ఈ ఏడాది వరదే అని తేల్చేశాడు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఒక్కరూ చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. రుజువు దొరక్కపోతే ఫొటో తీసెయ్యమన్నాను. ప్రణీత మొహం చిన్నబోయింది. జిల్లా పోటీ నాలుగు రోజుల్లో ఉంది, ఆ పిల్ల ప్రాజెక్టుకు ఆ ఫొటోనే ప్రాణం.

ఆ సాయంత్రం పిల్లను తీసుకొని గ్రంథాలయానికి వెళ్లాను. ఫొటో చూపించి, అప్పటి పేపర్లు ఉన్నాయా అని హన్మంతును అడిగాను. పాత పేపర్లు ఏటా తూకానికి పోతాయి కాబట్టి నాకు పెద్ద ఆశ లేదు. హన్మంతు ఫొటోను చాలాసేపు చూశాడు.

"లెవ్వు సార్."

"బీరువల జర చూడు."

"లెవ్వంటి గద!"

ఆ కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. లోపలి బల్ల దగ్గర ఉన్న లైబ్రేరియన్ సరిత గారు తలెత్తారు. "ఆ ఒక్క నెల కట్ట నువ్వే అమ్మనియ్యలేదు గద హన్మంతూ?"

ఇక తప్పక బీరువా తెరిచాడు. ప్రణీత కట్ట విప్పి ఒక్కో పేపరూ తిప్పింది. అక్టోబర్ ఆరో తేదీ జిల్లా పేజీలో వాళ్ల ఊరి పేరు కనపడింది. దాని కింద ఫొటో ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. బ్లేడుతో కోసేశారు. "మగ్గం గుంతలో తడిసిన నూలు చూపుతున్న ఓ వృద్ధురాలు" అన్న అక్షరాలు మాత్రం అడుగున మిగిలాయి.

"ఎవడు కోసిండో వాని చేతులు పడిపోను!" అని అరిచాను.

"నేనే కోసిన సార్" అన్నాడు హన్మంతు.

కోసిన చోట వేలు పెట్టి చెప్పాడు. "ఆ ఫొటోల ఉన్నది మా అమ్మ సుంకమ్మ. ఏరు ఇల్లంత ఊడ్సుకపోయింది. రేషన్ కార్డు లేదు, పెండ్లి ఫొటోలు లెవ్వు. రెండు నెల్లకు అమ్మ గూడ పోయింది. ఆమెది ఇంకొక్క ఫొటో లేకపాయె. అప్పుడే పనిల చేరిన. కోసుకపోయిన. ఇప్పుడు ఎవడన్న బ్లేడు పట్టుకుంటె నా చెయ్యే కనవడ్తది సార్."

నేను పెట్టిన శాపనార్థం నాకే సిగ్గనిపించింది. అతడు సైకిలెక్కి ఇంటికి వెళ్లి ఫ్రేము తెచ్చాడు. వెనక మేకులు తీసి, రంగు మారిన ఫొటోను బయటికి తీసి, పేజీలోని ఖాళీలో పరిచాడు. బ్లేడు జారి వంకర పోయిన మూలతో సహా అంచుకు అంచు కుదిరింది. ఫొటో ఏ ఊరిదో, ఏ రోజుదో తేలిపోయింది. ఆ పేజీని ప్రణీత ఫోనులో ఫొటో తీసుకుంది.

పేపరు పేరు, తేదీ, పేజీ రాసుకొని ఆగింది. "కోసిన సంగతి గూడ రాయాల్నా సార్?"

సరిత గారు అక్కడే ఉన్నారు. అతడి ఉద్యోగం గుర్తొచ్చింది. "వద్దులే" అన్నాను. ఇరవై ఏళ్లలో అలా అనడం అదే మొదటిసారి.

"రాయి బిడ్డా" అన్నాడు హన్మంతు. "లేకుంటె ఈ బొక్క ఎట్లయిందని అడుగుతరు."

ప్రణీత సరిత గారి వైపు చూసింది. ఆమె రాయమన్నట్టు తలూపారు. ప్రణీత రాసింది: "ఫొటోలో ఉన్నది నేతకారిణి సుంకమ్మ. ఈ సంగతి చెప్పినవారు ఆమె కొడుకు హన్మంతు. పేపర్లోంచి ఫొటో కోసి దాచినదీ ఆయనే."

హన్మంతు ఆ కాగితం తీసుకొని నెమ్మదిగా చదివాడు. మళ్లీ చదివాడు. "దీనికి ఒక జిరాక్స్ తీయించి ఇయ్యి సార్" అన్నాడు.

ఫొటో మేం తీసుకుపోతామని అనుకుంటున్నాడేమో అనిపించి, "ఫొటో నీదగ్గరే ఉంచుకో హన్మంతూ, ఎవరూ అడగరు" అన్నాను.

"జిరాక్స్ ఫొటోకు గాదు సార్, ఈ కాయిదానికి. పేపరోళ్లు ముసలామె అని రాసి వదిలేసిరి. ఈ బిడ్డ మా అమ్మ పేరు రాసింది."