సొరుగులో గోలీ నాకొద్దు

కిందటేడు వానాకాలంలో, మణికొండలోని మా ఫ్లాట్‌లో నీళ్ల బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. డాక్టరుగారు గట్టి నొప్పి మాత్రలు రాసిచ్చారు. "అన్నం తిన్నాకే వేసుకోండి, అయిదు రోజులకు మించి వద్దు. వీటితోపాటు ఇంకో నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు" అని మరీ మరీ చెప్పారు.

నేను పనిచేసేది హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. తయారైన సాఫ్ట్‌వేర్‌ని క్లయింట్‌కి అందించే రిలీజ్ రోజున మా మేనేజరు సొరుగులోని నొప్పి మాత్రలు బిస్కెట్లలా చేతులు మారుతుంటాయి. నేను మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజే రిలీజ్ పడింది. క్లయింట్‌తో వీడియో కాల్ మొదలవుతుండగా నాకు నొప్పి మళ్లీ తిరగబెట్టింది.

"ఏందమ్మా, గట్ల వంగిపోయినవ్? జర ఈ గోలీ ఏస్కో, ఇగ ఫికర్ లేదు. నేను రోజూ ఏస్కుంటలేనా?" అన్నారు మేనేజరు.

"పొద్దున నా మాత్ర వేసుకున్నానండి. ఇది వేసుకోను."

"మరి కాల్ ఎట్ల?"

నాకు ఒళ్లు మండింది. అందరూ చూస్తుండగానే కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు కుర్చీ మీద పెట్టాను. అవతల క్లయింట్‌కి తెర మీద నా మొహానికి బదులు నా పాదాలు కనిపించాయి.

"కిందే ఉన్నాను, అడగండి" అన్నాను. అన్నిటికీ అక్కడి నుంచే జవాబిచ్చాను.

అయిదు రోజులు కాకముందే నొప్పి తగ్గింది. మాత్రలు ఆపేశాను.

సిగ్గేయలేదా అని ఆఫీసులో ఇప్పటికీ అడుగుతుంటారు. ఎందుకు వేయలేదు, వేసింది. సాయంత్రానికి దానంతటదే తగ్గింది. కడుపులో పుండు అలా తగ్గదు.