దొరువు గట్టున సొరపాదు

మా చిన్నప్పుడు... నాయన వేట నుంచి రాగానే అవ్వ చేపలు కోసేది. తలకాయలు, పొట్టలు, మొప్పలు ఒక తట్టలో వేసి దొడ్లోకి పోయేది. సొరపాదు మొదట్లో పాతిపెట్టడానికి. ఒట్టి ఇసకలో ఇంకే ఎరువు నిలుస్తుంది!

మాది సముద్రం ఒడ్డున పల్లె. తాగినా, పాదులకు పోసినా దొరువు నీళ్ళే... ఇసకలో తవ్వుకున్న లోతు లేని గుంట. అవ్వకి మోకాళ్ళ నొప్పులు. నీళ్ళు మోయలేక ఆ ఏడు పాదుని దొరువు గట్టునే పెట్టింది.

అమ్మకి అది నచ్చలేదు. "ఆడ పాతిపెడతావేంది అత్తా? వానొస్తే అంతా నీళ్ళలోకి దిగదా?" అంది.

"ఇసకలో ఇంకిపోద్దిలే. నీళ్ళు మోసేది నువ్వా, నేనా?" అంది అవ్వ.

అబ్బ, ఏం కాసిందనుకున్నారు ఆ పాదు! ఊరంతా పంచాం.

తర్వాత ముసురు పట్టింది. దొరువు నిండి గట్టు దాకా వచ్చింది. నీళ్ళు కొంచెం నీచు కొట్టాయి. చేపలోళ్ళ ఇంట్లో నీచు ఎవరు పట్టించుకుంటారు? గుడ్డలో వడకట్టి తాగేశాం. అందరికీ కడుపు నొప్పి వచ్చింది, తగ్గింది. మా చెల్లెలు మస్తానమ్మకి మాత్రం వాంతులు, విరేచనాలు ఆగలేదు. వాగు పొంగి నెల్లూరు ఆసుపత్రికి పోయే దారి మూసుకుపోయింది. అమ్మ ఒళ్ళోనే పోయింది... ఇంకా పలక కూడా పట్టని పిల్ల.

అవ్వ వానలోనే పోయి పాదుని వేళ్ళతో సహా పీకేసింది. అమ్మ ఆమెని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే అవ్వ ఇంకొన్నాళ్ళు బతికేదేమో. ఆ మౌనాన్ని తట్టుకోలేకపోయింది పాపం.

ఇప్పుడు కోవూరులో మా మేడ మీద కుండీలున్నాయి. చేపల ఎరువు సీసాల్లో వస్తోంది, తాగే నీళ్ళు క్యాన్లలో వస్తున్నాయి. మొన్న ఫోన్లో ఏదో వీడియోలో ఒకావిడ నవ్వుతూ, చేపల చెత్త బావి పక్కనే పాతితే నీళ్ళు పోయడం సులువని చెబుతోంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

దయచేసి వినండి... తాగే నీళ్ళకి బాగా దూరంగా, వాటికంటే పల్లం వైపున, లోతుగా గొయ్యి తీసి పాతండి. కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేయండి. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

మీ ఇళ్ళల్లో ఎక్కడ పాతేవాళ్ళో, ఎవరు వద్దనేవాళ్ళో కింద రాయండి. ఆ వద్దన్న మాట విన్నారో లేదో కూడా రాయండి.

మా మస్తానమ్మ ఉంటే ఈపాటికి మనవల్ని ఎత్తుకునేది...