ఆఫీసు గేటు ముందు బోర్లించిన బిందెలు

ధర్మవరంలో నేను అద్దెకుంటున్న ఇంటి ఎదుట తెల్లవారగానే ఎవరో కళ్ళాపి చల్లుతారు. తడిసిన మట్టి, పేడ కలిసిన ఆ వాసన కిటికీలోంచి రాగానే చదువుతున్న పుస్తకం మూసేస్తాను. లచ్చుమక్క గుర్తొస్తుంది.

పెనుకొండ నుంచి హిందూపురం వెళ్లే దారిలోని మా చిన్న ఊళ్లో ఆమెది మా పక్కిల్లు. ముగ్గు వేయడంలో ఆమెను మించినవాళ్లు మా వీధిలో లేరు. నేనేమో ఎవరైనా పలకరిస్తే తలుపు చాటుకు పోయి, చెప్పాల్సిన జవాబును తర్వాత డైరీలో రాసుకునే పిల్లను. నేను ఇంటరు చదివే రోజుల్లో ఒక ఎండాకాలం మా వీధి కొళాయిలు ఆగిపోయాయి. మగవాళ్లు ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. తాగే నీళ్లకు తోటల్లోని బోర్ల దాకా నడిచేవాళ్లం. వాకిట్లో కళ్ళాపి మాటే మరిచిపోయాం.

ఒక ఉదయం లచ్చుమక్క వీధిలోని ఆడవాళ్లందరినీ పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయింది. అక్కడి కొళాయిలో మాత్రం నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లతోనే గేటు ముందు రోడ్డంతా కళ్ళాపి చల్లి, ఇంటికొక బోర్లించిన బిందె ముగ్గు వేయమంది. అమ్మకు జ్వరం కాబట్టి మా ఇంటి వంతు నాది. నేను గోడకు అతుక్కుపోయాను.

“ఏం పాపా, బల్లి మాదిరి ఆడ కరుసుకోనుండావు? రా, ముగ్గుపిండి పట్టు.”

“నాకు సరింగా రాదక్కా. వంకర పోతాది.”

“పోనీలే. మీ బిందె మాత్రం సక్కగుండాదా? అన్నీ సొట్టలే కదా!”

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కూర్చుని, మా బిందెకున్న సొట్టలన్నీ పెట్టి మరీ వేశాను.

అంతలో ఆఫీసరు జీపు వచ్చింది. డ్రైవరు ముగ్గులు చూసి బ్రేకు వేశాడు. “పచ్చి ముగ్గు మీంద చక్రం ఎట్ల పోనిచ్చేది సార్? నా చేత కాదు” అన్నాడు.

ఆఫీసరు దిగి, “ఏమ్మా, ముగ్గులేసుకోడానికి మీ ఇండ్ల ముందర చోటు లేదా?” అని గద్దించాడు.

“చోటుండాది సామీ, కళ్ళాపికి నీళ్లే లేవు” అంది లచ్చుమక్క. “మీ కొళాయిలో వస్తాండాయని ఈడికొస్తిమి. రేపూ వస్తాము.”

ఆయన సొట్ట బిందె వైపు చూసి, “ఇదెవరిది?” అన్నాడు. లచ్చుమక్క నా వైపు తల తిప్పింది.

“మాదే సార్” అన్నాను. “ఎండలు ముదిరిన కాడ్నుంచి బోర్లించే ఉండాది.”

ఆయన ముగ్గుల అంచు వెంబడి నడిచి లోపలికి వెళ్లాడు. ఆ సాయంత్రమే మా వీధికి ట్యాంకరు వచ్చింది. కొళాయిలు బాగయ్యేదాకా రోజూ వచ్చింది.

ఇప్పటికీ నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే నాకు తలుపు చాటుకు పోవాలనిపిస్తుంది. అప్పుడు ముగ్గుపిండి పట్టుకున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా రుద్దుతాను. మొదటి మాట బయటికొస్తుంది.