అడిగి తెచ్చిన గుడ్డల బొంత

మా చెల్లెలికి ఎనిమిదో నెల. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి బిడ్డకి బొంత కుట్టించాలని పట్టుబట్టింది. స్నేహితురాలింట్లో చూసిన ముక్కల దిండ్లు కుట్టిన యానాం ఆవిడే దాన్నీ కుట్టాలట. బొంత కుట్టిస్తే బిడ్డ నిలుస్తుందనే నమ్మకాలు నాకు లేవు గాని, ఊరు వెళ్ళే సాకు దొరికితే కాలు నిలవదు. చెల్లెలి పాత చీర, మా టైలరు దగ్గర ఏరిన కొత్త జాకెట్టు ముక్కలు సంచీలో కుక్కుకుని ఉదయం ఎనిమిదింటికి కాకినాడలో బస్సెక్కాను.

"బొంత కోసం బస్సెక్కారా! యానాం అంటే అందరూ మందు సీసాలకెళ్తారండి" అని పక్కసీటావిడ పకపకా నవ్వింది.

తొమ్మిది దాటాక యానాంలో దిగి, పెసరట్టు తిని, షేర్ ఆటోలో ఫరంపేట చేరాను. దిండ్లు కుట్టే సత్యవతిగారి ముందుగది నిండా రంగురంగుల గుడ్డల గుట్టలే. చిన్న ముక్కల్ని చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి కుడతారు. కుట్టుకి రాని పీలికలు దిండు లోపలికి పోతాయి. పారేసేదంటూ ఏమీ లేదు.

చెల్లెలి సంగతి చెప్పి, నా సంచీ విప్పి చూపించాను.

"ఈ కొత్త ముక్కలు దిండ్లకి బాగుంటాయండి. బిడ్డకి పనికిరావు" అన్నారావిడ. "కడుపు నిలవనోళ్ళకి పిల్లలున్న ఇళ్ళల్లో అడిగి తెచ్చిన పాత గుడ్డలే ఎయ్యాలండి. మా అత్తగారు అలాగే కుట్టేదండి. పదండి, నేనూ వత్తాను."

మొదటి గుమ్మంలో పాత గుడ్డ అడగడానికి నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగో ఇంటికి నోరు దానంతటదే తెరుచుకుంది. ఒక జాలరి ఇంట్లో పిల్లలు పొర్లి పొర్లి మెత్తబడిన లుంగీ ఇచ్చారు. ఇంకో ఇంట్లో మేరీగారని ఒకావిడ కొడుకు బాప్తిస్మం గౌను అంచు కత్తిరించి ఇస్తూ, "సల్లగా కనమని సెప్పండి" అన్నారు.

మధ్యాహ్నం మెస్సులో చేపల పులుసుతో భోంచేసి వచ్చేసరికి, సత్యవతిగారు చెల్లెలి చీర కింద పరిచి దాని మీద ముక్కలు పేరుస్తున్నారు. మధ్యలో కాస్త ఖాళీ మిగిలింది.

"మీ చీర ముక్క ఒకటి పెట్టేయండి" అన్నాను యథాలాపంగా.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "నాకు పిల్లల్లేరండి. నా గుడ్డ ఎయ్యకూడదు. ఇంకో ఇల్లు అడుగుదాం."

పర్వాలేదు, పెట్టండి అనాలి. నమ్మకాలు లేవని గొప్పలు పోయే నాకు నోరు పెగల్లేదు. నిజం చెప్పొద్దూ, భయమేసింది. చెల్లెలికి ఫోను చేసి, స్పీకరులో పెట్టి, జరిగింది చెప్పాను.

"అక్కా, కింద పరిచింది నా చీరే కదా?" అంది చెల్లెలు. "ఇద్దర్ని పోగొట్టుకున్నదాన్ని. నా గుడ్డ పనికొచ్చినప్పుడు ఆవిడది ఎందుకు పనికిరాదు?"

సత్యవతిగారు లేచి, దండెం మీది నీలం చీర తీసి, కొంగు కత్తిరించారు. "వాడిందేనండి, మెత్తగా ఉంటాది" అన్నారు నా వైపు చూడకుండా. ఆ ముక్కని ఖాళీలో పెట్టి, నాలుగువైపులా చాలాసేపు సర్దారు.

బొంత కుట్టడం అయ్యాక బస్సులో పంపుతానన్నారు. నేను రెండు దిండ్లు కొనుక్కున్నాను. యానాం వెళ్ళేవాళ్ళు ఆవిడ పని తప్పకుండా చూడండి. నాకైతే కళ్ళు నిండిపోయాయి.

సాయంత్రం నాలుగింటి బస్సుకి వద్దన్నా వినకుండా సాగనంపడానికి వచ్చారు. బస్సు కదులుతుండగా కిటికీ ఊచ పట్టుకుని, "బిడ్డ పుట్టాక నేను సూడ్డానికి రావచ్చాండి?" అని అడిగారు.

"కాకినాడకి బస్సులకేం కొదవండీ, వచ్చేయండి" అన్నాను.