నలభై ఆకుల్లో నా ఊరగాయ

నా చేతి వంట తిని ఇంతవరకూ ఎవరూ చావలేదు. ఇప్పుడు ఇంత ధీమాగా రాస్తున్నాను గానీ, కొన్నేళ్ల కిందట ఒక మే నెల పొద్దున, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో కూర్చుని, నలభై మందిని పొట్టన పెట్టుకున్న కోడలిగా నా ఫొటో పేపర్లో ఎలా పడుతుందా అని ఏడ్చినదాన్ని నేనే. పెళ్లి ఫొటో వేస్తారా, ఆధార్ కార్డు ఫొటో వేస్తారా అన్నది కూడా అప్పటి నా బాధల్లో ఒకటి.

నాకు పెళ్లయి అప్పటికి ఏడాది కాలేదు. మా అత్త ఊరగాయ పెడితే వీధిలో వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటి అత్త, బనగానపల్లెలో చెల్లెలి ఇంటికి పోయి, అట్నుంచి యాగంటి చూసుకుని వస్తానని బయలుదేరింది. సరిగ్గా ఆ ముందురోజే తెలిసినవాళ్ల తోట నుంచి గోతం నిండా మామిడికాయలు వచ్చిపడ్డాయి. ఆమె వచ్చేదాకా ఆగితే కాయలు పండిపోతాయి.

"నేను పెడతా అత్తా!" అన్నాను.

అత్త నన్ను కిందికీ పైకీ చూసింది. "నీతో అయితాదా?"

"ఫోనులో వంద వీడియోలు చూసినా!"

"వీడియోలో ఉప్పు తెలుస్తాదా? సరే, చెప్పేది ఇను. కొలత తప్పకూడదు. తడి చెయ్యి తగలకూడదు. మూడో దినం తిరగగలిపేదాకా నాలిక్కి తగిలించొద్దు. తెలిసిందా?"

తెలిసిందన్నాను. అత్త బస్సెక్కింది. నేను సింహాసనం ఎక్కాను.

ఊరగాయ పెట్టడంలో ఇంత సుఖం ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాను. కత్తిపీట కింద టెంక పగిలినప్పుడల్లా వచ్చే ఆ చప్పుడుకు, నేనేదో కోట పగలగొడుతున్నట్టు ఒళ్లు పొంగింది. ఆవాలు, మెంతులు దంచాను. కొత్త కారం కలిపితే పక్కింటివాళ్లు కూడా తుమ్మారు. మధ్యలో పోపు డబ్బా పక్కన ఉండే ఉప్పు అయిపోయింది. వంటగట్టు కింద తెల్లమూత డబ్బా ఒకటి కనిపించింది. తీసి చూస్తే తెల్లగా ఉంది. ఆ సమయంలో నేను భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, మా చెల్లెలికి నా గొప్పతనం వర్ణిస్తున్నాను. డబ్బా మొత్తం బోర్లించాను. కొలతకు రవ్వంత తగ్గింది, పోనీలే అనుకున్నాను. డబ్బా కడిగి పక్కన పెట్టేశాను. శనగనూనె పోసి జాడీకి గుడ్డ కట్టినప్పుడు, పురిటి బిడ్డను పడుకోబెట్టినంత సంబరం.

మర్నాడు సాయంత్రం నాగాచారి మామ వచ్చాడు. ఆయన మా అత్తకు అన్న. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. ఇంట్లోకి అడుగుపెట్టీపెట్టగానే ముక్కు పైకెత్తాడు.

"ఏందమ్మా సరళా, ఈ వాసన?"

"ఊరగాయ మామా. నేనే పెట్టినా."

"అబ్బ! రేపు మజ్జానం మా ఆంజనేయస్వామి లారీ ఎక్కుతాండాడు. ఆర్నెల్లు చెక్కినాము. పనోళ్లందరికీ బోజనాలు పెడతాండా. నలభై ఆకులు. ఒగ క్యాను నింపియ్యి."

"రేపు తిరగగలపాలంట మామా."

"నా చేతులకు రాయే మాట ఇంటాది, మామిడికాయ ఇనదా? నేను కలుపుకుంటాలే!"

నింపి ఇచ్చాను. నా చేతి ఊరగాయ నలభై మంది నోళ్లలో పడబోతోందని పొంగిపోయాను.

మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు మా ఆయన మేడ మీది చామంతి మొక్కలకు నీళ్లు పోసి, వంటింట్లోకి వచ్చి గట్టు కిందికి వంగాడు.

"ఈడ పెట్టిన డబ్బా యాడ పోయింది?"

"ఏం డబ్బా?"

"తెల్లమూతది. చామంతులకని యూరియా తెచ్చి పెట్టినా."

నా చేతిలో గరిటె కింద పడింది.

"సరళా, ఏందీ, అట్ల చూస్తాండావు?"

నేను కడిగి బోర్లించిన డబ్బా వైపు వేలు చూపించాను. తర్వాత జాడీ వైపు చూపించాను. ఆయన ముఖం పాలిపోయింది.

రుచి చూస్తే తేలిపోయేది కదా అంటారేమో మీరు. అందులో యూరియా ఉందని అనుమానం ఉన్నప్పుడు మీరైతే చూస్తారా? ఆయన నన్ను చూడమన్నాడు, నేను ఆయన్ను చూడమన్నాను. కొత్త సంసారంలో మా మొదటి పెద్ద గొడవ అదే. చివరికి ఇద్దరం జాడీని ముట్టుకోకుండా దూరంగా జరిగాం.

"అత్తకు ఫోన్ చేద్దామా?"

"అమ్మకా? పిచ్చా నీకు? అమ్మకు తెలిస్తే యూరియా అక్కర్లేదు, మనమట్లే పోతాము! మామకు చెయ్యి!"

మామకు పన్నెండుసార్లు చేశాం. మోగుతోంది, ఎత్తడం లేదు. రాయి కోసే మిషన్ తిరుగుతుంటే ఆయనకు పిడుగు పడినా వినపడదు. అక్కడివాళ్ల నంబరు ఇంకొకటి మా దగ్గర లేదు.

"నువ్వు బేగా పో! నేను ఇంట్లో ఎతుకుతా. ఆ డబ్బా ఇంకొగటేమన్నా ఉందేమో!"

అలా బస్సెక్కాను. ఆ బస్సు ఆ రోజు ప్రతి ఊళ్లోనూ బంధువుల ఇల్లున్నట్టు ఆగింది. శిరివెళ్ల దగ్గర గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డు మొత్తం తనదే అన్నట్టు అడ్డంగా తిరుగుతోంది. టైము పదకొండున్నర దాటింది. సీట్లో కూర్చోలేక డ్రైవరు వెనక నిలబడ్డాను.

"అన్నా, కొంచెం బేగా పోనీయన్నా!"

కండక్టరు నవ్వాడు. "ఏంటికక్కా అంత తొందర?"

"ఆళ్లగడ్డలో నలభై మంది అన్నానికి కూచుంటారన్నా!"

"నలభై మందికి పెట్టేటోళ్లు నీకొగ ఆకు వెయ్యరా? గమ్మున కూచో!"

కూర్చున్నాను. దారిలో కనిపించిన ప్రతి గుడికీ దండం పెట్టాను. మసీదుకూ పెట్టాను. మామ ఇంటి ముందు వరసగా చెప్పులు, లోపల వరసగా మనుషులు కళ్లముందు మెదిలారు. నిన్న నన్ను మెచ్చుకున్న ఆ మనిషి, నా చేతి ముద్ద తిని పడిపోతే, అత్త ముఖం ఎలా చూడాలి? ఆ క్షణంలో నవ్వడానికేమీ లేదు.

ఆళ్లగడ్డలో దిగి ఆటో పట్టుకుని పనిచోటుకు చేరేసరికి మిషన్ ఆగిపోయి ఉంది. అది ఆగిందంటే భోజనాలు మొదలైనట్టే. లోపలికి పరుగెత్తాను. ఆంజనేయస్వామి లారీ మీద పూలదండతో నిలబడి ఉన్నాడు. కింద రేకుల నీడలో నలభై ఆకులు. ఆకు ఆకులో అన్నం, పప్పు, పక్కన ఎర్రగా నా ఊరగాయ. ఒకాయన ముద్ద కలిపి నోటి దగ్గరికి తెస్తున్నాడు.

"తినొద్దూ!"

ఆ కేకకు అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అంతమంది శిల్పులు ఒక్కసారిగా విగ్రహాలైపోయారు. నేను మొదటి ఆకు ముందు కూలబడి, ఊరగాయను చేత్తో ఎత్తి క్యానులో వేసుకోవడం మొదలుపెట్టాను. రెండో ఆకు, మూడో ఆకు. ఒక ముసలాయన మాత్రం ముక్క మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇయ్యను పో! పెట్టినాక తీసుకునేది యాడన్నా ఉందామ్మా?"

"తాతా, నీకు పుణ్యముంటాది, ఇచ్చెయ్యి!"

నాగాచారి మామ నెయ్యి గిన్నెతో పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? ఊరగాయ ఇచ్చి, మళ్ల ఎనక్కి తీసుకుపోను నంద్యాల నుంచి వస్తివా?"

చెవి దగ్గర చెప్పాలనుకున్నాను. గొంతు మాట వినలేదు. "అందులో యూరియా పడింది మామా!"

టపటపా నలభై మందీ లేచి నిలబడ్డారు. మామ మాత్రం కదల్లేదు. నెయ్యి గిన్నె కింద పెట్టి, మెల్లగా అన్నాడు.

"పొద్దున టిఫిను ఉగ్గానిలోకి నేను తింటి గదమ్మా."

"ఎంత తిన్నావు మామా?"

"బాగుందని రెండుసార్లు ఏసుకుంటి."

"రుచి ఎట్లుండె?"

మామ ఆలోచించాడు. "అంతా బాగుండె. ఉప్పే లేకుండె."

ఉప్పు లేదు! ఇక సాక్ష్యం ఏం కావాలి? ఆయన చెయ్యి పట్టి ఆటోలో కుదేశాను. "నాకేం కాలేదమ్మా!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. మా వెనక మూడు ఆటోల్లో శిల్పులు, ఇంకో పది బైకులు. పోయేముందు క్యానులో ఉన్నదంతా రాతిపొడి గుట్టలో కుమ్మరించేశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ గుంపును చూసి లేచి నిలబడింది. విషయం విని మామను బల్ల మీద పడుకోబెట్టింది. నాలుక చూసింది, పొట్ట నొక్కింది, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. ఆమె నుదురు ముడిపడింది. మళ్లీ గాలి కొట్టింది. నేను గోడకు ఆనుకున్నాను.

అప్పుడు నా ఫోను మోగింది. మా ఆయన.

"సరళా! అమ్మకు ఫోన్ చేస్తి."

"చేస్తివా? నన్ను చెయ్యొద్దంటివి!"

"ఇల్లంతా ఎతికి, ఇంక దిక్కులేక చేస్తి. ఊరికి పొయ్యే ముందు ఆ యూరియా డబ్బా చూసిందంట. 'వంటింట్లో మందు పెడతారా, బుద్ధి లేనోళ్లు' అని మేడ మీద తొట్టి ఎనక పెట్టిందంట. ఈడనే ఉంది. నా చేతిలోనే ఉంది. నువ్వేసింది అట్లాంటి డబ్బాలోనే అమ్మ దాచుకున్న ఉప్పు!"

"మరి ఉప్పు లేదంటాడే మామ?"

"నువ్వు తక్కువ ఏసింటావు!"

రవ్వంత తగ్గింది, పోనీలే అనుకున్న కొలత అప్పుడు గుర్తొచ్చింది. రవ్వంత కాదు, సగం. ఏడుస్తూ నవ్వాను. డాక్టరమ్మ కాళ్లకు దండం పెట్టినంత పని చేశాను. "అమ్మా, యూరియా కాదంట! ఉప్పేనంట! మామకు ఏం లేదు!"

"యూరియా లేదు గానీ, బీపీ మాత్రం బాగా ఉంది," అందామె చీటీ రాస్తూ. "మంచి సమయానికి తెచ్చారు. మాత్రలు వాడాలి. ఈ రోజు నుంచి ఊరగాయ, అప్పడాలు బంద్."

మామ బల్ల మీంచి లేచి కూర్చున్నాడు. డాక్టరమ్మను చూశాడు. నన్ను చూశాడు. వాకిట్లో, పప్పన్నం సగంలో వదిలేసి వచ్చిన శిల్పులను చూశాడు. ఆర్నెల్లు రాతితో పోరాడిన ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరళమ్మా," అన్నాడు, "ఆ యూరియానే కలిపింటే బాగుండు గదమ్మా. ఒగేసారి పోయిందును."

మామ ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు. మాత్రలు వేసుకుంటాడు, మా ఇంటికొచ్చి జాడీ మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, నన్నొక చూపు చూసి పోతాడు. ఆ చూపు భరించలేక ఒకరోజు ఆయన ఎదుటే, జాడీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఈ జన్మలోనే కాదు, వచ్చే ఏడు జన్మల్లోనూ, నా చేతి ఊరగాయ తిన్న మనిషిని ఆరోగ్యంగా ఉండగా డాక్టరు దగ్గరికి తీసుకుపోను.